పియర్ కోసమా, బీచ్ కోసమా: లండన్ నుంచి ఒక్క రోజులో చూసి రాదగిన సముద్రతీరాల పోలిక

లండన్‌లోనో, ఆ చుట్టుపక్కలనో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఏటా వేసవిలో ఒక చర్చ తప్పదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. వంతెనలు, రాజభవనాలు, మ్యూజియంలు మొదటి పది రోజుల్లోనే అయిపోతాయి. ఆ తర్వాతి ఆదివారం సముద్రం చూపిద్దామన్న మాట వస్తుంది, నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. బ్రైటన్ అని ఒకరు, సౌత్‌ఎండ్ అని ఒకరు, ఇసుక కావాలంటే బోర్న్‌మత్ వెళ్లాల్సిందేనని ఇంకొకరు అంటారు. బ్రిస్టల్ వైపు బంధువులున్నవారు క్లీవ్‌డన్ పేరు ఎత్తుతారు. నాలుగు ఊళ్లలోనూ పియర్ ఉంది. పియర్ అంటే తీరం నుంచి సముద్రం మీదికి స్తంభాలపై సాగి, అవతలి ఒడ్డు అంటూ లేకుండా నీళ్ల మధ్యనే ఆగిపోయే వంతెన. నాలుగింటికీ పక్కనే బీచ్ కూడా ఉంది. ఫొటోల్లో నాలుగూ ఒకేలా కనిపించడం వల్లనే ఎంపికలో పొరపాటు జరుగుతుంది.

ఇక్కడ చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒకటే. పియర్, దాని పక్కనున్న బీచ్ ఒకే టికెట్టుకు వచ్చే రెండు వినోదాలు కావు. అవి రెండు వేర్వేరు ప్రదేశాలు. ఈ దేశంలో గొప్ప పియర్ ఉన్న చోట బీచ్ సాధారణంగా మనం ఊహించుకున్నట్టు ఉండదు. దీనికి కారణం చరిత్రలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో పియర్లను మొదట కట్టింది షికారుకు కాదు, ఆవిరి పడవల ప్రయాణికులను దించడానికి. ఒడ్డుకు చేరువగా లోతు లేని చోట, పాటు వేళ నీళ్లు దూరంగా వెనక్కి తగ్గిపోయే చోట, పడవ ఉన్న చోటికే దారిని పొడిగించవలసి వచ్చింది. చెన్నపట్నంలో నౌకాశ్రయం లేని రోజుల్లో ఇనుప పియర్ కట్టుకోవలసి రావడానికి కూడా ఇటువంటి అవసరమే కారణం. అంటే పడవకు ఒడ్డు ఎంత ఇబ్బందికరమో పియర్ అంత పొడుగు. పడవకు పనికిరాని ఆ ఒడ్డే ఈతకూ పనికిరాకుండా పోతే అందులో ఆశ్చర్యం లేదు.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది కాలి కింద నేల. ఇసుకా, గులకరాళ్లా, బురదా అన్న ఒక్క ప్రశ్నతో పిల్లలున్న కుటుంబాలకు సగం ఎంపిక పూర్తవుతుంది.

రెండోది ఆటుపోట్లు. మనవాళ్లు దీన్ని పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. విశాఖలోనో కాకినాడలోనో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆర్.కె. బీచ్‌కు వెళ్లేవారెవరూ పోటు ఎప్పుడని అడిగి బయలుదేరరు. ఇక్కడ ఆ తేడా సౌత్‌ఎండ్‌లో, బ్రైటన్‌లో ఐదారు మీటర్ల దాకా, క్లీవ్‌డన్‌లో ఏకంగా 14 మీటర్ల దాకా వెళ్తుంది. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఆ వేళ ప్రతిరోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పోయిన ఆదివారం వెళ్లి వచ్చిన మిత్రుడు చెప్పిన వేళ ఈ ఆదివారానికి చెల్లదు.

మూడోది నడక. రైలు స్టేషన్ నుంచి నీటి దాకా ఎంత దూరం, తిరుగు దారిలో ఎత్తు ఎక్కాలా అన్నది మోకాళ్ల నొప్పులున్నవారికి సముద్రం రంగు కన్నా ముఖ్యం. నాలుగోది ఖర్చు. ఐదోది గాలి. పియర్ చివర గాలి ఒడ్డున ఉన్నట్టు ఉండదు. జులైలో కూడా ఆడవాళ్లు చీర కొంగును, మగవాళ్లు టోపీని చేత్తో పట్టుకొని నడవవలసి వస్తుంది.

సౌత్‌ఎండ్: పియర్‌కు సాటి లేదు, బీచ్ గడియారాన్ని బట్టి

థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట ఉత్తరపు ఒడ్డున ఉన్న ఊరు సౌత్‌ఎండ్. గోదావరి గురించి తెలిసినవారికి ఒక్క మాటలో చెప్పాలంటే ఇది అంతర్వేది వంటి చోటు. ఎదుట కనిపించేది సగం నది, సగం కడలి. నీరు నీలంగా కాక బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. పాటు వేళ ఆ నీరు మైలు దూరం దాకా వెనక్కి పోయి, ఊరి ముందంతా తడి బురద మైదానం మిగులుతుంది.

ఆ బురద వల్లనే ఇక్కడి పియర్ ప్రపంచంలోకెల్లా పొడవైన షికారు పియర్ అయింది. పొడవు 1.33 మైళ్లు, అంటే 2 కిలోమీటర్లకు పైమాటే. మొదటి కొయ్య పియర్ 1830లో వచ్చింది. అది పాటు నీటిని అందుకోలేకపోవడంతో పొడిగించారు. ఇప్పుడున్న ఇనుప పియర్ 1889 నాటిది. ఆ తర్వాత దాని కథంతా గండాల కథే. 1959లో, 1976లో, 2005లో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగాయి. 1986లో ఒక ఓడ అదుపు తప్పి పియర్‌ను చీల్చుకొని పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో దీన్ని నౌకాదళం తీసుకొని, వేల సంఖ్యలో సరకు నౌకల బారులను ఇక్కడి నుంచే కూర్చి పంపింది. ఇన్ని జరిగినా ప్రతిసారీ ఊరు దాన్ని నిలబెట్టుకుంది.

మేము మొదటిసారి వెళ్లినప్పుడు పోటు వేళ చూసుకోలేదు, ఆ తప్పు పూర్తిగా నాదే. స్టేషన్ నుంచి దిగి వచ్చి రెయిలింగ్ పట్టుకొని నిలబడిన అమ్మ కాసేపు అటూ ఇటూ చూసి, “సముద్రం ఏదిరా?” అని అడిగింది. ఎదుట బురదలో పక్కకు ఒరిగి పడుకున్న పడవలు, వాటి మధ్య మెరిసే సన్నని నీటి చాళ్లు తప్ప ఏమీ లేవు. మాది ఉప్పాడ దగ్గర. అక్కడ సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుంటూ ఊరి మీదికి వస్తుంటే చూస్తూ పెరిగిన మనిషికి, ఊరిని వదిలి వెళ్లిపోయిన సముద్రం వింతగా తోచడంలో తప్పులేదు. తర్వాత పియర్ మీది చిన్న రైలెక్కి చివరిదాకా వెళ్లాం, టీ తాగాం, లండన్ రేవులకు వెళ్లే కంటైనర్ ఓడలను చూస్తూ గంట కూర్చున్నాం. తిరిగి నడిచి వస్తుంటే పలకల సందుల్లోంచి కింద నీళ్లు కనిపించాయి. ఒడ్డు చేరేసరికి ఒరిగిన పడవలన్నీ నిటారుగా లేచి ఊగుతున్నాయి. నిజానికి ఆ రోజు మేము చూసిన వింత అదే. అందుకే ఈ ఊరిని పాటు వేళ మొదలుపెట్టి పోటు వేళకు ముగించేలా చూసుకొమ్మని ఇప్పుడు అందరికీ చెబుతుంటాను.

దానికి పంచాంగం కొంత సాయపడుతుంది. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో సౌత్‌ఎండ్‌కు పోటు సాధారణంగా మిట్టమధ్యాహ్నం, ఆ తర్వాత ఒకటి రెండు గంటల్లో వస్తుంది. అష్టమి దరిదాపుల్లో ఆ వేళకు పాటు ఉంటుంది. కచ్చితమైన వేళను ఆ రోజు పట్టికలో చూసుకోవలసిందే కానీ, నెల ముందే ఏ ఆదివారం అన్నది తేల్చుకోవడానికి ఈ లెక్క చాలు. పిల్లలు నీళ్లలో ఆడాలనుకుంటే పౌర్ణమి ఆదివారం, బురదలో పీతల వేట చూడాలనుకుంటే అష్టమి ఆదివారం. బురద మీద మాత్రం దూరం నడవకూడదు. పోటు తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా రాదు, పక్కల నుంచి చాళ్లలోకి ముందు నిండుతుంది. వెనక దారి మూసుకుపోయిన సంగతి అప్పుడు కానీ తెలియదు.

పియర్ మీద ఒక వైపు నడక అరగంటకు పైగా పడుతుంది. చిన్న రైలు ఉంది కనుక పెద్దలకు ఇబ్బంది లేదు. ఒక వైపు రైలు, ఒక వైపు నడక కలిపి టికెట్టు తీసుకోవడం నా మట్టుకు మంచి పద్ధతి. వెళ్లేటప్పుడు రైలెక్కి, గాలి ఎటు వీస్తుందో చూసి, అది వెనక నుంచి తోస్తుంటేనే నడిచి రావాలి. శీతకాలంలో వారంలో కొన్ని రోజులు, గాలి మరీ ఎక్కువైన రోజుల్లో పియర్ మూసివేస్తారు. ఈస్ట్ హామ్, బార్కింగ్ ప్రాంతాల తెలుగువారికి ఈ ఊరు ఇంటి పక్కనే ఉన్నట్టు లెక్క. ఫెన్‌చర్చ్ స్ట్రీట్ నుంచి సౌత్‌ఎండ్ సెంట్రల్‌కు వెళ్లే రైలును బార్కింగ్‌లోనే ఎక్కవచ్చు. స్టేషన్ నుంచి పియర్‌కు పది నిమిషాల నడక.

బ్రైటన్: తిరునాళ్ల వంటి పియర్, గులకరాళ్ల ఒడ్డు

మొదటిసారి ఇంగ్లిష్ సముద్రతీరం చూసేవారికి నేను ఇప్పటికీ బ్రైటన్‌నే సూచిస్తాను. బీచ్ బాగుంటుందని మాత్రం కాదు. బీచ్ మొత్తం గులకరాళ్లు. చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయడం కష్టం. కూర్చుంటే నడుము కింద రాళ్లు కదులుతుంటాయి. నీళ్లలోకి దిగగానే నేల ఒక్కసారిగా లోతుకు జారుతుంది. ఇసుక గూళ్లు కట్టుకుందామని బకెట్టు, పార పట్టుకొని వచ్చిన పిల్లలు ఇక్కడ ఏడుస్తారు. అయితే ఈ రాళ్లకు ఒక అందం ఉంది. అల వెనక్కి లాగినప్పుడు వేల రాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లే గలగల శబ్దం మన ఇసుక తీరాల్లో వినబడేది కాదు. మా నాన్న పియర్ మీదికి రానని చెప్పి, దుప్పటి పరుచుకొని గంటసేపు అదే వింటూ కూర్చున్నారు.

ఇక్కడి ప్యాలెస్ పియర్ 1899 మేలో తెరుచుకుంది. పొడవు 1,722 అడుగులు, అంటే అర కిలోమీటరు దాటి కొంచెం. అంతకు ముందు 1823 నుంచి ఇక్కడ గొలుసులతో వేలాడే చెయిన్ పియర్ ఉండేది. 1896 డిసెంబరు తుపానులో అది కొట్టుకుపోయింది. ఇప్పటి పియర్ మీద మొదటి భాగంలో ఆటల యంత్రాలు, మధ్యలో తినుబండారాలు, చివర రంగులరాట్నాలు, జారుడు బల్లలు ఉంటాయి. రెండు పెన్నీల నాణేలు వేస్తే ఇంకొన్ని నాణేలు అంచు మీద ఊగిసలాడి పడీ పడకుండా ఆగిపోయే యంత్రం దగ్గర పిల్లలను కదిలించడం కష్టం. ఇంటికి వెళ్దామని అనడానికి ముందే చిల్లరకు ఒక హద్దు పెట్టుకోవాలి. ప్రవేశం ఏళ్ల తరబడి ఉచితంగా ఉండేది. 2024 మే నుంచి స్థానికేతరుల దగ్గర చిన్న రుసుము తీసుకోవడం మొదలుపెట్టారు. సందడి ఇష్టం లేనివారికి ఈ పియర్ నచ్చదు, ఆ మాట ముందే చెప్పాలి. ఇక్కడ సముద్రం నేపథ్యం మాత్రమే, అసలు వేడుక తిరునాళ్లదే.

నిశ్శబ్దం కావాలనుకునేవారు అక్కడి నుంచి పడమరకు ఒడ్డు వెంట ఒక కిలోమీటరు నడిస్తే నీళ్ల మధ్య ఒక ఇనుప అస్థిపంజరం కనిపిస్తుంది. అది 1866లో తెరిచిన వెస్ట్ పియర్. దాన్ని రూపొందించిన యూజీనియస్ బర్చ్, భారతదేశంలో కలకత్తా – ఢిల్లీ రైలుమార్గం పనుల్లో పాలుపంచుకొని వచ్చిన ఇంజనీరు. ఇంగ్లండ్, వేల్స్ తీరాల్లో పద్నాలుగు పియర్లు కట్టాడు. స్తంభాల మొనకు మర బిగించి, వాటిని తిప్పుతూ సముద్రపు అడుగులోకి దించే పద్ధతిని ఆయన ఈ పియర్లకు వాడాడు. వెస్ట్ పియర్ 1975లో మూతపడింది. 2002లో కొంత కూలింది, 2003లో రెండుసార్లు కాలింది. ఒకే ఊళ్లో బతికిన పియర్, చనిపోయిన పియర్ పక్కపక్కన కనిపించడం అరుదైన అనుభవం. ఫొటోలు తీసేవారు ఎక్కువసేపు ఉండవలసింది ఇక్కడే.

తెలుగు పాఠకులకే కాదు, భారతీయులందరికీ బ్రైటన్‌లో ఇంకొక కారణం ఉంది. సముద్రం నుంచి ఐదు నిమిషాల దూరంలో రాయల్ పెవిలియన్ అనే రాజభవనం మన కోటల గుమ్మటాలను అనుకరిస్తూ నిలబడి ఉంటుంది. 1914 చివరి నుంచి 1916 మొదలు దాకా దాన్ని గాయపడిన భారతీయ సైనికులకు ఆసుపత్రిగా వాడారు. వారి ఆచారాలకు భంగం కలగకుండా వేర్వేరు వంటశాలలు, వేర్వేరు నీటి కుళాయిలు పెట్టారు. మరణించినవారిలో 53 మంది హిందూ, సిక్కు సైనికులకు ఊరి బయటి గుట్టల మీద దహన సంస్కారాలు జరిగాయి. ఆ స్థలంలో తెల్లని పాలరాతి ఛత్రిని 1921లో ప్రతిష్ఠించారు. అక్కడికి రోడ్డు నేరుగా పోదు. ప్యాచమ్ అనే చోట దిగి పొలాల గట్ల మీదుగా ఎత్తు ఎక్కాలి. కారున్నవారు, నడవగలిగినవారు ఉదయమే అది చూసుకొని తర్వాత సముద్రానికి రావడం మంచిది.

లండన్ విక్టోరియా నుంచి రైలు సుమారు గంట. స్టేషన్ నుంచి సముద్రానికి పావుగంట నడక, అంతా దిగుడే. సాయంత్రం అలసిపోయాక అదే దారి అంతా ఎత్తు అని గుర్తుపెట్టుకొని, పెద్దలుంటే తిరుగు ప్రయాణానికి బస్సుకో టాక్సీకో డబ్బు పక్కన ఉంచుకోవాలి. పియర్ దగ్గరి నుంచి తూర్పు వైపు ఒడ్డు వెంట ఒక చిన్న విద్యుత్ రైలు, వోల్క్స్ రైల్వే, వేసవిలో నడుస్తుంది. 1883లో మొదలైన ఇది ఇప్పటికీ నడుస్తున్న విద్యుత్ రైళ్లలో ప్రపంచంలోనే పాతది. మనవలతో వచ్చిన తాతలకు పియర్ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

బోర్న్‌మత్: ఇసుక కావాలంటే ఇదే

ఇక్కడ చర్చ తక్కువ. మెత్తని బంగారు రంగు ఇసుక మైళ్ల కొద్దీ ఉంది. నేల మెల్లగా వాలుతుంది. పోటుకూ పాటుకూ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు కనుక, ఎప్పుడు వెళ్లినా సముద్రం ఉన్న చోటే ఉంటుంది. స్నానాల కాలంలో రక్షకులు ఎరుపు, పసుపు జెండాలు పాతుతారు. పిల్లలను ఆ రెండు జెండాల మధ్యనే నీళ్లలోకి దింపాలి.

పియర్ 1880లో బర్చ్ రూపకల్పనలో వచ్చినదే కానీ, చూడగానే పాతదనిపించదు. 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో సైన్యమే దీని మధ్య భాగాన్ని తెగ్గొట్టింది, తర్వాత బాగుచేశారు, ఆపైన పలుమార్లు మార్చి కట్టారు. పియర్ కోసమే ఇంత దూరం రావాలా అంటే అక్కర్లేదని నా అభిప్రాయం. వాటర్‌లూ నుంచి రైలు రెండు గంటలు. స్టేషన్ నుంచి ఒడ్డుకు ఇరవై నిమిషాలకు పైగా నడక. ఊరి మధ్య తోటల గుండా, చిన్న వాగు పక్కనే సాగే చదును దారి పట్టుకుంటే ఆ నడక కూడా హాయిగానే ఉంటుంది. భరించలేనిది రద్దీ. 2020 జూన్‌లో ఒక ఎండరోజున జనం పోటెత్తడంతో స్థానిక పాలకులు అత్యవసర పరిస్థితిని ప్రకటించవలసి వచ్చింది. ఎండ కాసే ఆదివారం కారులో బయలుదేరితే పార్కింగు దొరకడమే ఆ రోజు పెద్ద పని అవుతుంది. బడి సెలవులు మొదలవకముందు, జూన్‌లో ఒక పనిదినాన సెలవు పెట్టి వెళ్లగలిగితే ఇంతకన్నా మంచి తీరం ఈ పోలికలో లేదు.

క్లీవ్‌డన్: అందమైన పియర్, బీచ్ లేదనుకోండి

లండన్ నుంచి ఒక్క రోజుకు ఇది దూరం. బ్రిస్టల్, స్విండన్, కార్డిఫ్ వైపు ఉన్నవారికే సూచిస్తాను. 1869లో తెరిచిన ఈ పియర్‌ను, సౌత్ వేల్స్ రైల్వే నుంచి తీసేసిన పాత పట్టాలను వంచి కట్టారు. అందుకే కాళ్లు అంత సన్నగా, ఒక గీత గీసినట్టు ఉంటాయి. 1970లో బరువు తట్టుకుంటుందో లేదో పరీక్షిస్తుండగా రెండు కమానులు కూలిపోయాయి. స్థానికుల పట్టుదలతో 1989లో తిరిగి తెరుచుకుంది. ఆటల యంత్రాలు, రంగులరాట్నాలు లేవు. పలకల మీద, బల్లల మీద జనం తమవారి జ్ఞాపకార్థం కొట్టించిన చిన్న ఇత్తడి రేకులు చదువుకుంటూ నడవడమే ఇక్కడి కాలక్షేపం. ఒడ్డు రాళ్లమయం, నీరు బురద రంగు, ప్రవాహం వేగం ఎక్కువ. ఈత కొట్టాలనుకునేవారికి పోటు నీటితో నిండే మెరైన్ లేక్ అనే గోడ కట్టిన కొలను ఉంది. ఊళ్లో రైలు స్టేషన్ లేదు. యాటన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి.

| చూడవలసినది | సౌత్‌ఎండ్ | బ్రైటన్ | బోర్న్‌మత్ | క్లీవ్‌డన్ |
|---|---|---|---|---|
| నేల | కొంత ఇసుక, పాటు వేళ బురద | గులకరాళ్లు | మెత్తని ఇసుక | రాళ్లు, బురద |
| ఇప్పటి పియర్ | 1889, 2 కి.మీ. పైన | 1899, 525 మీ. | 1880, సుమారు 300 మీ. | 1869, 312 మీ. |
| పోటు వేళ చూడాలా | తప్పనిసరి | చూస్తే మంచిది | అక్కర్లేదు | చూడాలి |
| లండన్ నుంచి రైలు | సుమారు గంట | సుమారు గంట | సుమారు 2 గంటలు | నేరుగా లేదు |
| మోకాళ్ల నొప్పులున్నవారికి | పియర్ మీద రైలు ఉంది | తిరుగు దారి ఎత్తు | దూరమైనా చదును | ఊరంతా ఎత్తుపల్లాలు |
| సందడి | మధ్యస్థం | చాలా ఎక్కువ | ఎండరోజున విపరీతం | తక్కువ |

ఎవరికి ఏది

ఐదేళ్లలోపు పిల్లలున్నవారు పియర్ చరిత్రను పక్కన పెట్టి బోర్న్‌మత్ వెళ్లాలి. రెండు గంటల రైలు ప్రయాణంలో పిల్లలు విసిగిస్తారనుకుంటే, పోటు వేళ చూసుకొని సౌత్‌ఎండ్‌కు వెళ్లడం రెండో మార్గం. అక్కడ పియర్‌ను ఆనుకొనే వినోద పార్కు ఉంది. లోపలికి ఊరికే పోవచ్చు, ఎక్కిన ఆటకే డబ్బు. అదే వయసు పిల్లలను బ్రైటన్ గులకరాళ్ల మీద నడిపించడం మాత్రం నాకు ఇష్టం లేదు.

అమ్మానాన్నలను తీసుకెళ్లేవారి సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. ఎక్కువమంది పేరు చూసి బ్రైటన్ ఎంచుకుంటారు. నడవగలిగినవారైతే అది సరైన ఎంపికే, ఎందుకంటే వాన పడినా చూడడానికి పెవిలియన్, పక్క సందుల్లోని కొట్లు ఉన్నాయి. అరవై ఐదు దాటి, మోకాళ్లు మొరాయిస్తున్నవారికి సౌత్‌ఎండ్ మేలు. సముద్రం మధ్య దాకా రైల్లో కూర్చొని వెళ్లి, అక్కడ టీ తాగి, అదే రైల్లో తిరిగి రావచ్చు. ఈ సౌకర్యం మిగతా మూడు చోట్లా లేదు. సందర్శకులుగా వచ్చినవారైనా 60 దాటితే పాస్‌పోర్టు చూపి సీనియర్ రైల్‌కార్డు తీసుకోవచ్చు, టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. నాలుగైదు ప్రయాణాలు చేస్తే దాని ఖరీదు తిరిగి వస్తుంది. కార్డు లేకపోయినా ముగ్గురు నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే, రద్దీ లేని వేళల్లో చాలా మార్గాల్లో అదే తగ్గింపు గ్రూప్‌సేవ్ పేరుతో దొరుకుతుంది. మనవాళ్లలో దీన్ని అడిగేవారు తక్కువ.

చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, స్నేహితుల గుంపులు బ్రైటన్‌కే వెళ్తారు. వారికి ఎవరి సలహా అక్కర్లేదు. చరిత్ర, కట్టడాలు ఇష్టపడేవారు మొదట బ్రైటన్‌లో రెండు పియర్లు చూసి, మరో నెలలో క్లీవ్‌డన్‌కు వెళ్తే ఇనుము సముద్రంతో పోరాడిన తీరు మూడు దశల్లో అర్థమవుతుంది.

శాకాహారుల కోసం ఒక మాట. తీరాల్లో అందరూ తినే వేయించిన ఆలుగడ్డ చిప్స్‌ను కొన్ని దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. ఏ నూనె వాడుతున్నారో ముందే అడగాలి, అడిగితే దాచకుండా చెబుతారు. ఆ తలనొప్పి వద్దనుకునేవారు మాలాగే పులిహోర, పెరుగన్నం కట్టుకొని వెళ్లవచ్చు కానీ, డబ్బా మూత తీసేముందు తల పైకెత్తి చూడాలి. ఇక్కడి సీగల్ పక్షులు మన కాకుల కన్నా మూడింతలు పెద్దవి. చేతిలోని ముద్దను వెనక నుంచి తన్నుకుపోతాయి. గోడకు వీపు ఆనించి తింటే వాటికి దారి ఉండదు.

ఏ నెలలో

ఎండ చూసి మే నెలలో నీళ్లలోకి దిగితే ఒళ్లు కొంకర్లు పోతుంది. ఇంగ్లిష్ ఛానల్ నీరు వేడెక్కేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే, అప్పుడు కూడా 17, 18 డిగ్రీలకు అటూ ఇటూ. స్నానం చేయాలనుకునేవారు బోర్న్‌మత్‌ను సెప్టెంబరుకు పెట్టుకుంటే నీళ్లూ వెచ్చగా ఉంటాయి, బడులు తెరుచుకుంటాయి కనుక జనమూ తగ్గుతారు. సౌత్‌ఎండ్‌కు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏ నెలైనా సరే, తిథి కుదిరితే చాలు.

బ్రైటన్‌కు మాత్రం నా ఓటు చలికాలానికే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాల్లో మన గోరువంకల జాతికే చెందిన స్టార్లింగ్ పక్షులు వేల సంఖ్యలో గుంపుగట్టి, పొగ మెలికలు తిరిగినట్టు రెండు పియర్ల మీద ఆకాశంలో తిరిగి, చీకటి పడబోతుండగా ఒక్కసారిగా పియర్ కింది ఇనుప కమ్మీల మీదికి రాలిపోతాయి. డిసెంబరులో నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది కనుక, మధ్యాహ్నం భోజనం చేసి లండన్‌లో రైలెక్కితే ఆలస్యమైపోతుంది. మూడుకల్లా ఒడ్డున ఉండాలి. చేతి తొడుగులు మరచిపోతే పది నిమిషాలకే ఫోన్ పట్టుకోవడం కష్టమవుతుంది.